భుజం పోయిందట

చెయ్యి కదపకు బాబూ, అస్సలు కదపకు, అని నర్సు నా మెడకి వేలాడగట్టిన కట్టుని ఇంకోసారి సర్ది వెళ్ళింది, కదపనమ్మా, ఎందుకు కదుపుతాను, కదిపితే ఏమవుతుందో ఈ ఆస్పత్రి మొత్తంలో నాకూ, అదిగో ఆ చిప్స్ మిషను దగ్గర జేబులు తడుముకుంటున్న డిన్నీ లాఫన్‌కీ తప్ప ఎవరికీ తెలీదు, ఏమీ అవదు, అదీ అయ్యేది. ఇరవై ఒక్కేళ్ళవాణ్ణి, నూట ఇరవై కిలోలవాణ్ణి, జలుబు కూడా లేనివాణ్ణి, కుడిచెయ్యి రొమ్ముకి కట్టించుకుని అత్యవసర విభాగం నడవాలో కుర్చీ నిండా కూర్చున్నాను. ఛీ. గోడ పొడుగునా రెండు పక్కలా ట్రాలీ మంచాలు, ఒకరి కాళ్ళ దగ్గర ఇంకొకరి తల, నిన్నటినించి ఉన్నవాళ్ళు, మొన్నటినించి ఉన్నవాళ్ళు, ఒక ముసలాయన నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు, ఒకావిడ ఒళ్ళో బేసిన్ పెట్టుకుని డోకుతోంది, ఉచ్చ వాసన, ఫినాయిల్ వాసన, ఎవరో సగం తిని వదిలేసిన కోడి సూపు వాసన, వీటన్నిటి మధ్యా నేను, స్నానం కూడా లేకుండా, మోకాళ్ళకి మైదానం బురదతో, మా ప్రావిన్సు జట్టు ముద్ర ఉన్న కోటు భుజాల మీద కప్పుకుని. ఆ ముద్ర చూసే కదా గుమ్మం దగ్గరివాడు "అయ్యో, నువ్వా! రా రా, టీవీలో చూశాను, పాపం" అని పేరు కూడా సరిగ్గా రాసుకోకుండా అందర్నీ దాటించి తీసుకొచ్చి ఎక్స్‌రే గది తలుపుకి ఎదురుగా కూర్చోబెట్టాడు. దారిలో ఒకడు, ముక్కులో గొట్టం ఉన్నవాడు, ట్రాలీ మీంచి లేచి మరీ చప్పట్లు కొట్టాడు. ముక్కులో గొట్టంతో, నాకు చప్పట్లు!

డిన్నీ మా రగ్బీ జట్టుకి స్క్రమ్ కోచ్. ఇటు ఎనిమిది మందీ అటు ఎనిమిది మందీ వంగి, తలల సందుల్లో తలలు దూర్చి, ఊపిరాడకుండా తోసుకోవడం ఎలాగో నేర్పేవాడు. అకాడమీలో చేరిన రోజునించీ నా మెడ వెనక చెయ్యేసి "కిందకి, ఇంకా కిందకి, నీ వీపు మీద టీకప్పు పెడితే తొణక్కూడదు" అని అరిచిన మనిషి. వానలో అరిచాడు, మంచులో అరిచాడు, వాంతి చేసుకుంటుంటే పక్కన నిలబడి అరిచాడు, అన్నీ పడ్డాను, ఈయన అరిస్తే నేను బాగుపడతానని పడ్డాను. ఆ మనిషే ఇవాళ నన్ను పడిపొమ్మన్నాడు. నేరుగా చెప్పడానికి మొహం లేదు, నీళ్ళ సీసా పట్టుకుని ఫిజియో పరిగెత్తుకొచ్చాడు, సీసా నా నోట్లో పెడుతూ, ఎటో చూస్తూ, "నీ భుజం పోయిందట" అన్నాడు. ఏమిటీ అన్నాను. "నీ భుజం పోయింది. డిన్నీ చెప్పాడు." అంతే, సీసా లాక్కుని పక్కవాడికిచ్చాడు. పోయిందట! నా భుజం సంగతి నాకు ఎవడో కబురు పంపడం. ఆటలో తొలిసారి ఒక పెద్దమనిషిని నమ్మినందుకు నా చెంప నేనే వాయించుకోవాలనిపించింది, చేతులు నీళ్ళ సీసా కోసం చాచే ఉన్నాయి.

ఇవాళ నా మొదటి ఆట. పద్దెనిమిదో నంబరు చొక్కా, అంటే బెంచీ మీద కూర్చుని ముందువాడి కాలో చెయ్యో పోతే లేచేవాణ్ణి. ముందువాడి పిక్క పట్టేసింది, లేచాను. అప్పటికి నాలుగు పాయింట్లు ముందున్నాం, ఆట ఇంక కొన్ని నిమిషాలే ఉంది, బంతి మా గీత దగ్గర, స్క్రమ్ వాళ్ళది. వేల్సు నుంచి వచ్చిన జట్టు. నా ఎదుట ఇడ్రిస్ అని ఒకడు, నాన్న వయసుకి కాస్త తక్కువ, మెడ అనేది లేదు, చెవులు నలిగి ముద్దయిపోయాయి. మొదటి తోపులో నన్ను లేపి అవతల పెట్టాడు. రెండోసారి స్క్రమ్ కూలింది, రిఫరీ మా కెప్టెన్ని పిలిచి ఇంకోసారి కూల్చారంటే పాయింట్లు వాళ్ళకే రాసేస్తానన్నాడు. ఆ మాట డిన్నీ విన్నాడు, రిఫరీ మాటలు వినపడే తీగ వాడి చెవిలో ఎప్పుడూ ఉంటుంది. కానీ నాకు అప్పటికే అర్థమైపోయింది, అదే, అదే నా కడుపు మంట, ఇడ్రిస్ నేరుగా తొయ్యట్లేదు, ఏటవాలుగా నా రొమ్ము కిందకి దూరుతున్నాడు, నేను కుడికాలు జానెడు వెనక్కి వేసి మోచెయ్యి ఎత్తిపెడితే వాడికి దారి ఉండదు, ఈసారి రా, ఈసారి రా చూస్తాను అని ఒళ్ళంతా ఎదురుచూస్తున్నాను, పుట్టి ఇన్నేళ్ళలో దేనికోసమూ అంత ఎదురుచూడలేదు. అప్పుడొచ్చింది సీసా. నేను గెలిచేవాణ్ణో ఓడేవాణ్ణో ఇంక ఈ జన్మకి తెలీదు, ఆ స్క్రమ్ జరగలేదు.

స్క్రమ్ ముందు వరసలో నిలబడాలంటే దానికి తయారైనవాడే కావాలి, లేకపోతే మెడలు విరుగుతాయి. తయారైనవాళ్ళు అయిపోతే రిఫరీ తోపులాట మాన్పించేస్తాడు, తలలు దూర్చి ఊరికే నిలబడాలి, ఎవడూ తొయ్యకూడదు, ఉత్తుత్తి స్క్రమ్. నేనే ఆఖరివాణ్ణి, నేను పడితే మా జట్టు ఒక మనిషి తక్కువతో ఆడాలి, అయితే ఏం, కొద్ది నిమిషాలే కదా, వాళ్ళ బలమంతా స్క్రమ్‌లో ఉంది, ఆ స్క్రమ్మే లేకుండా పోతుంది. ఎంత తెలివి! ఆ నియమం ఎందుకు పెట్టారో మా ఊళ్ళో పసిపిల్లాడికి కూడా తెలుసు. మా క్లబ్బు గేటు దగ్గర చక్రాల కుర్చీలో ఫింటన్ ఉంటాడు, ఆట రోజున లాటరీ టికెట్లు నోటితో చింపి ఇస్తాడు, చేతులు కదలవు. పద్దెనిమిదో ఏట, తయారులేనివాణ్ణి ముందు వరసలో పెడితే, ఒక స్క్రమ్ కూలింది, అంతే. ఫింటన్‌లాంటి వాళ్ళ కోసం పెట్టిన నియమాన్ని తీసుకుని నేను మూతి తుడుచుకున్నాను. నోట్లో ఇంకా ఆ నీళ్ళ రుచి ఉంది, ఎవడెవడి నోళ్ళో పెట్టిన సీసా.

పడిపోవడం కూడా చేతకాలేదు నాకు. భుజం పట్టుకుని గడ్డి మీద కూర్చుండిపోయి అరిచాను, ఎలా అరవాలో తెలీక, మా ఇంట్లో దూడకి కొమ్ములు కాలుస్తుంటే అరిచినట్టు అరిచాను. అందరికంటే ముందు పరిగెత్తుకొచ్చినవాడు ఇడ్రిస్. మోకాళ్ళ మీద కూచుని, పారంత చెయ్యి నా తల కింద పెట్టి, "కదలకురా చిన్నోడా, కదలకు, నేను పట్టుకున్నాగా" అన్నాడు, నూనె మందు వాసన, చెమట వాసన, బురద, రిఫరీ వైపు తిరిగి "ఏంటయ్యా చూస్తున్నావ్, పిల్లాడికి దెబ్బ తగిలింది, డాక్టర్ని పిలు" అని అరిచాడు. నా ప్రత్యర్థి. నన్ను అప్పడం చేద్దామని వచ్చినవాడు. వాడి కళ్ళలోకి చూడలేక కళ్ళు మూసుకుంటే నొప్పి ఎక్కువైందనుకుని ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. అప్పుడే చెప్పేస్తే పోయేది, లే, నన్ను వదులు, నాకేం కాలేదు అని. నోరు పెగిలిందా? లేదు. నన్ను బయటికి తీసుకెళ్తుంటే నా మంచి భుజం తట్టి "వచ్చేసారి చూసుకుందాం" అన్నాడు, అంటే నన్ను తనలాంటి ముందు వరసవాడి కింద లెక్కేశాడు. తర్వాత ఉత్తుత్తి స్క్రమ్ జరిగింది, వాళ్ళు బంతి చివరిదాకా అందించుకుంటూ వెళ్ళారు, చివరివాడు చేతిలోంచి జారవిడిచాడు, ఆట ముగిసిన ఈల. స్టేడియం అంతా ఊగిపోయింది. నేను మైదానంలోంచి లోపలికెళ్ళే సొరంగంలో నిలబడి విన్నాను ఆ అరుపు, నా కోసం కూడా అరుస్తున్నారు, ఎవడో నా పేరు కలిపి పాటందుకున్నాడు.

మా జట్టు కుర్ర డాక్టరమ్మకి ఎవరూ ఏమీ చెప్పలేదు, కొత్తగా చేరింది, నిజమే అనుకుంది. ఇక్కడ నొక్కితే నొప్పా? నొప్పే. ఇక్కడ? ఇక్కడా నొప్పే. తల కూడా నొక్కుంటే నొప్పే అనేవాణ్ణి. ఆవిడ మొహం పాలిపోయింది, మెడ కింది ఎముక చిట్లిందేమో, ఇప్పుడే ఆస్పత్రికి పంపాలి అంది. నేను డిన్నీ వైపు చూశాను, ఇప్పుడైనా ఆపుతాడేమోనని, వాడు కన్ను గీటాడు, కారులో చెప్పాడు, ఇంకా మంచిదయిందిరా, వేల్సువాళ్ళు ఫిర్యాదు చేస్తారు, ఎక్స్‌రే తీయించుకున్నామంటే నోరు మూస్తారు, కండ బెణికితే ఫోటోలో ఎలాగూ కనపడదు. ఆ డాక్టరమ్మ నా బూట్లు తనే విప్పింది, వంగి, ముడి బురదలో బిగుసుకుపోతే పళ్ళతో లాగింది. పళ్ళతో! నేను ఆవిడ జుట్టు పాపిడి చూస్తూ కూర్చున్నాను.

"అలా చావుకొచ్చినవాడిలా మొహం పెట్టకురా" అంటున్నాడు డిన్నీ, చిప్స్ పొట్లం చింపుకుంటూ వచ్చి నా ఎదుట నిలబడ్డాడు, ఉల్లిపాయా చీజూ కంపు. "దెబ్బ తగిలినవాడి మొహం ఇంకెలా ఉంటుంది?" అన్నాను. "అద్దీ! నేర్చుకున్నావు" అని పకపకా నవ్వాడు, నవ్వితే పంటి మీద పసుప్పచ్చ ముక్క. నాకు ఆ స్క్రమ్ కావాలి డిన్నీ, అన్నాను. ఏ స్క్రమ్? ఆఖరిది, నేను ఆపేవాణ్ణి, వాడి కిటుకు నాకు దొరికింది. వాడు నమలడం ఆపి నా వైపు చూశాడు, కోపంగా కాదు, ముద్దొస్తున్న పిల్లాణ్ణి చూసినట్టు. "ఆపేవాడివేమో. ఆపలేకపోతే?" వాడు వేళ్ళు నాక్కున్నాడు. "సోమవారం నీ కాంట్రాక్టు సంగతి పెద్దాయనతో కూర్చుంటున్నాను. నీతోపాటు అకాడమీలో ఉన్నవాళ్ళు ఎంతమందిరా? అందులో ఉంచుకునేది ఇద్దర్ని. ఇవాళ నువ్వు జట్టు మనిషివని చూపించుకున్నావు, అది వాళ్ళకి గుర్తుంటుంది" అని గొంతు తగ్గించి, "గుర్తుండాలంటే నోరు కూడా దగ్గర పెట్టుకోవాలి" అని, నా మోకాలి మీద తట్టి, ఫోను మోగితే అటు వెళ్ళాడు. జట్టు మనిషి. ఆ మాట కోసం నేనెంత చచ్చానో. స్కూల్లో మిగతా పిల్లలు డాన్సులకి వెళ్తుంటే నేను ఉడికించిన కోడి మాంసం గొంతు పట్టినంతా కుక్కుకుని, ఇంక మింగుడుపడకపోతే ముక్కు మూసుకుని మింగి, కొట్టంలో గడ్డిమోపుకి భుజం ఆనించి దాన్ని గోడదాకా తోసి, మళ్ళీ ఇవతలికి తెచ్చి మళ్ళీ తోసి, పెద్ద పేరున్న బడుల పిల్లలు అకాడమీలో నా మాటయాసకి నవ్వుతుంటే పడి, ఏం సంపాదించాను? ఇంత ఒళ్ళు. ఈ ఒళ్ళు చూస్తే రోత పుడుతోంది, ఇంత మేపి, ఇంత పెంచి, దీనితో ఏం చేశాను, కూలబడ్డాను. ఫోను కోటు జేబులో వణుకుతూనే ఉంది, మొనగాడివిరా, వీరుడివిరా, త్వరగా కోలుకో, ఎవరో నాతో చదివిన పిల్ల ఏడుపు బొమ్మా గుండె బొమ్మా పంపింది. అమ్మ మాత్రం ఫోనే చేసింది, ఆవులు పితికేవాళ్ళు లేక ఇంట్లో ఉండిపోయింది, నాన్నే వచ్చాడు ఆటకి, అమ్మ టీవీలో చూసింది, "కన్నా, బాగా నొప్పిగా ఉందా" అని అడిగితే "కొంచెం అమ్మా" అన్నాను. కొంచెమట. ఆవిడ ముక్కు చీదిన చప్పుడు వినపడింది, వెనక పాల మిషను చప్పుడు.

"నాయనా, మంచినీళ్ళేమైనా కావాలా, నా దగ్గర సీసా ఉంది" అంటోంది పక్క ట్రాలీ మీది ముసలమ్మ. నోనీ క్విల్టీ అని తనే చెప్పుకుంది, నేను కూర్చోగానే, ఇంకా తెల్లవారకముందు కోళ్ళకి మేత వెయ్యడానికని పెరట్లోకి వెళ్ళి మెట్టు మీద జారిందట, భుజం విరిగింది, ఫోటో తీస్తామన్నారు, పొద్దున్నించి తీస్తామంటూనే ఉన్నారు. వద్దమ్మా అన్నాను. మంచినీళ్ళిస్తానంటోంది, చెయ్యి చూస్తే మోచేతిదాకా నేరేడు పండు రంగు, వేళ్ళు ఉబ్బిపోయి పెళ్ళి ఉంగరం కండలోకి దిగిపోయింది, కోసేస్తామంటే ఒప్పుకోలేదట, ఆయన పోయినా అది తియ్యలేదట. ఆవిడ అరవట్లేదు. అది చూస్తున్నాను ఇందాకటినించి, నొప్పి అంటే ఏమిటో, మాట మధ్యలో ఆగిపోతుంది, పై పెదవి మీద చెమట పడుతుంది, కళ్ళు ఎటో వెళ్ళి మళ్ళీ వస్తాయి, వచ్చి, ఆగిన చోటినించే మాట అందుకుంటుంది. నేను దూడలా అరిచాను! "రేడియోలో విన్నాను నాయనా, ఇక్కడే, చెవిలో పెట్టుకుని. నువ్వు పడ్డావనగానే" ఆగింది, చెమట, వచ్చింది, "పడ్డావనగానే జపమాల తీశాను. నీ భుజం కోసం ఒక వరస మొత్తం చెప్పాను. మా ఆయన కూడా నీలాగే ముందు వరసవాడు, ఆ మెడలు నాకు తెలుసు." నా భుజం కోసం. అంత విరిగిన భుజంతో పూసలు తిప్పుతూ, తన మాట ఒక్కటి అడక్కుండా, నా భుజం కోసం మరియమ్మని బతిమాలింది. ఆ బేసినావిడ దగ్గరినించి బేసిన్ లాక్కోవాలనిపించింది. నోనీ బాగున్న చెయ్యి చాచి నా చెయ్యి పట్టుకుంది, చల్లగా ఉంది, పట్టుకుని వదల్లేదు. నేను కూడా లాక్కోలేదు, లాక్కునే మొహం ఎక్కడుంది, అలాగే ఉంచాను.

నాన్న వస్తాడు ఇప్పుడు. కారు పెట్టడానికి చోటు దొరక్క తిరుగుతుంటాడు, లేకపోతే ఈపాటికి వచ్చేసేవాడే. జెర్ మెస్కల్ కొడుకునని నన్ను ముందు వరసలో పెట్టారు, పెట్టాక కదా నాకు ఒక పేరు, అంతకుముందు నన్నెవడు చూశాడు. మా ఊరి జట్టులో ముందు వరసలో జుట్టు తెల్లబడేదాకా ఆడాడు నాన్న, డబ్బుల్లేవు, టీవీ లేదు, ఆదివారం ఆడి, స్నానం చేసి, నేరుగా పాలు పితకడానికి. ఒక కప్పు ఆటలో రెండు పక్కటెముకలు విరిగాయి, బయటికి రాలేదు, గోలుపోస్టు దగ్గర వాంతి చేసుకుని మళ్ళీ వచ్చి తల దూర్చాడు, ఆ కథ ప్రతి క్రిస్మస్‌కీ బల్ల దగ్గర ఎవడో ఒకడు చెప్పాలి, బాబాయి చెప్తాడు, ఆయన చెప్పకపోతే నేను చెప్పమని అడుగుతాను, నాన్న నవ్వుతూ "ఛ, ఊరుకోండి" అని బంగాళాదుంపలు వడ్డించుకుంటాడు. నాకు పదేళ్ళప్పుడు కొట్టంలో నన్ను ఎదురుగా నిలబెట్టి తన భుజం నా భుజానికి ఆనించి "తొయ్యి" అనేవాడు, తోసేవాణ్ణి, కొండ, కదిలేది కాదు, ఏడుపొచ్చేది, "ఏడువు, ఏడుస్తూ తొయ్యి" అనేవాడు. ఒక్కసారి, ఒక్కసారే, పదహారేళ్ళప్పుడు, కదిలాడు, ఒక అడుగు. ఏమీ అనలేదు, కళ్ళు తుడుచుకున్నాడు, దుమ్మన్నాడు. ఆ మనిషికి నేను ఏమని చెప్పను. చెప్పాలి. చెప్తే ఛీ అంటాడు, ఉమ్మేస్తాడు, ఉమ్మెయ్యాలి కూడా, వీళ్ళందరూ ముద్దులు పెడుతుంటే కనీసం ఒక్కడైనా నా మొహాన ఛీ అనాలి కదా, నాన్న అంటాడు, అంటే నాకు కాస్త ఊపిరాడుతుంది. ఆ తర్వాత కాంట్రాక్టు పోతే పోనీ, ఆవులు ఉన్నాయి.

వచ్చాడు. టోపీ చేతిలో పట్టుకుని, ట్రాలీల మధ్య పక్కకి తిరిగి నడుస్తూ, ప్రతివాళ్ళకీ "తప్పుకోండమ్మా, క్షమించాలి" అని చెప్పుకుంటూ, పెళ్ళిళ్ళకి వేసుకునే కోటు. నా ముందు గొంతుక్కూర్చున్నాడు. "ఎలా ఉందిరా ఓరన్?" నేను డిన్నీ వైపు చూశాను, దూరంగా గోడకి ఆనుకుని ఫోనులో నవ్వుతున్నాడు, నాన్న వైపుకి వంగి, ఆయన చెవి, ఆ నలిగిన చెవి దగ్గర నోరు పెట్టి చెప్పేశాను. నాన్నా, నాకేం కాలేదు, పడిపొమ్మన్నారు, పడిపోయాను. ఆయన కదల్లేదు. నేను కళ్ళు మూసుకున్నాను, ఇప్పుడు అంటాడు, ఇప్పుడు. "తెలుసు" అన్నాడు.

తెలుసా?

"స్టాండులో నా పక్కనున్న వాళ్ళకి కూడా తెలుసురా. భలే పని చేశారు అనుకున్నాం. మెల్లిగా మాట్లాడు" అని అటూ ఇటూ చూశాడు, చూపులో నేను ఎప్పుడూ చూడని ఒక జిత్తులమారితనం, "ఇంకెవరికి చెప్పావు?" ఎవరికీ చెప్పలేదన్నాను. "మంచిపని. అమ్మకి కూడా వద్దు, ఆవిడ దాచలేదు. కాంట్రాక్టు ఏమన్నా అన్నాడా వాడు?" సోమవారమన్నాడు. నాన్న మొహం వెలిగిపోయింది, నా మోకాలు నొక్కాడు, డిన్నీ తట్టిన చోటే. నాన్నా, నేను ఆపేవాణ్ణి దాన్ని, అన్నాను, నా గొంతు నాకే పసిపిల్లాడిలా వినపడింది, నువ్వైతే పడేవాడివా, పక్కటెముకలు విరిగినా బయటికి రాలేదు నువ్వు. ఆయన టోపీ చేతుల్లో తిప్పాడు, అంచు చూసుకున్నాడు. "మాకెవరూ చెప్పలేదురా పడిపొమ్మని" అన్నాడు, "చెప్పుంటే నేనూ పడేవాణ్ణే. హాయిగా పడేవాణ్ణి. ఆ ఎముకలు ఇప్పటికీ చలికాలం నిద్రపోనివ్వవు. నీకు వద్దు ఆ బతుకు, పొద్దున్నే ఆ పేడా ఆ చలీ వద్దు. కాస్త మొహం చిట్లించు, ఆ నర్సు ఇటే చూస్తోంది." నేను చిట్లించాను. ఆయన చెప్పగానే చిట్లించాను! నా మొహం దానంతట అదే చిట్లింది, అలవాటైపోయింది ఒక్క పూటలో. ఆయన నా కట్టు సర్దాడు, ఎంత జాగ్రత్తగా సర్దాడో, నిజంగా విరిగినదాన్ని ముట్టుకున్నట్టు, కొండలాంటి మనిషి. పెద్ద తప్పు ఏదో ఆయన చేశాడని కూడా కాదు, నా మీద ప్రేమే అదంతా, అదే ఒంటి మీద జిడ్డులా పట్టుకుంది, ఎంత తోమితే పోతుంది. ఇంక ఎవరున్నారు ఛీ అనడానికి.

"మెస్కల్!" ఎక్స్‌రే గది తలుపు తెరుచుకుంది, నర్సు నవ్వుతూ నా వైపే చూస్తోంది, "రా బాబూ, నీ వంతే." నా వంతు కాదు. ఎవరి వంతో నడవాలో అందరికీ తెలుసు, ఎవరూ ఏమీ అనట్లేదు, అందరూ నాకు దారి ఇస్తున్నారు, కాళ్ళు ముడుచుకుంటున్నారు, ఆ ముసలాయన కూడా నిద్రలోంచి లేచి కాళ్ళు ముడుచుకున్నాడు. "వెళ్ళు నాయనా, వెళ్ళు" అని నోనీ నా చెయ్యి వదిలింది, "నాకేం తొందర? నాకు ఈ చేత్తో కోళ్ళకి మేత వెయ్యడమేగా, నీకు దీంతో బోలెడు పనుంది." ఆగింది. కళ్ళు ఎటో వెళ్ళాయి. ఈసారి రావడానికి చాలాసేపు పట్టింది. నేను లేచాను. తలుపు నాలుగడుగులు. నాన్న నా వెనక చెయ్యేసి మెల్లిగా, మెల్లిగా అంటున్నాడు. ఎలా మొదలైందో నాకు తెలీదు, అనుకుని చేసింది కాదు, చెయ్యి కట్టులోంచి జారి బయటికొచ్చింది, రెండు చేతులూ ఆవిడ ట్రాలీ తలాపు కమ్మీని పట్టుకున్నాయి, కాలితో బ్రేకు లేపాను, మంచం కదిలింది. "ఒరే" అన్నాడు నాన్న. "భుజంరా, ఒరే, భుజం!" అని పళ్ళ బిగువున. గోడ దగ్గర డిన్నీ ఫోను చెవి దగ్గరినించి దించాడు. చిప్స్ పొట్లం కింద పడింది.

"అయ్యో నాయనా, నీ భుజం!" అంది నోనీ, తల వెనక్కి వాల్చి, తలకిందులుగా నా మొహంలోకి చూస్తూ.

నా భుజానికేం కాలేదమ్మా, అన్నాను. గట్టిగానే అన్నాను, నర్సుకి వినపడింది, గొట్టం ముక్కువాడికి వినపడింది. మొదట్నించీ ఏం కాలేదు. ఆటలో పడిపొమ్మన్నారు, పడిపోయాను.

నోనీ నన్ను అలా చూస్తూనే ఉంది, ఆ మొహంలో నాకోసం ఉన్న మెత్తదనం అంతా ఎటు పోయిందో పోయింది, కింది పెదవి బిగిసింది, నాయనా అన్న నోరు అది కాదు.

"ఛీ" అంది.

అని, తల తిప్పి తలుపు వైపు చూసి, "నిలబడ్డావేం, తొయ్యి" అంది. "గుమ్మం దగ్గర మాత్రం మెల్లిగా. నా భుజం నిజంగా విరిగింది."